పొద్దున్నే లేచే వాన

బాండుంగ్
3 జూన్ 1995

పెదనాన్నకూ పెద్దమ్మకూ, మీ మోకాళ్లకు నుదురు ఆనించి నికెన్ రాస్తున్నది.

ముందు పెద్దమ్మ దగ్గు ఎలా ఉందో రాయండి. అల్లం బెల్లం కషాయం తాగుతోందా, లేక తాగానని చెప్పి మేకలకు పోస్తోందా?

ఇక నా సంగతి. పోయిన నెలలో మా పరిశోధనశాల పెద్దాయన రిటైరయ్యారు. వారి కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. ఆరు నెలలు కనిపెట్టి చూసి అప్పుడు సంగతి తేలుస్తారట. పన్నెండేళ్లుగా యంత్రం గదిలో కూర్చుని వాన లెక్కలు కట్టినదాన్ని, ఇప్పుడు ఆ గదివైపు వెళ్తే చాలు, "మీకెందుకండీ శ్రమ" అంటూ తలుపు దగ్గరే ఆపేస్తున్నారు. నా బల్ల వేరేవాళ్లకు ఇచ్చేశారు. నాకొక విడి గది, అందులో ఒక మెత్తటి సోఫా ఉన్నాయి. ఆ సోఫాలో కూర్చున్నవాళ్లు మళ్లీ లేవాలంటే ఇద్దరు చెయ్యి పట్టుకుని లాగాలి.

మూడు వారాలైంది పెదనాన్నా, ఒక్క లెక్క కట్టలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సంతకాలే. చేతులు ఊరికే ఉంటే మనసు బాగుండడం లేదు. మీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

మీ నికెన్


కాలిమనిస్
15 జూన్ 1995

అమ్మా నికెన్,

నీ ఉత్తరం పెద్దమ్మ రెండుసార్లు చదివించుకుని కళ్లు తుడుచుకుంది. కషాయం సంగతి అడిగావు కాబట్టి చెప్తున్నాను, మేకలకు దగ్గు పూర్తిగా తగ్గింది.

ధైర్యంగా ఉండు. గదిలోకి రానివ్వడం లేదన్నావు. బల్ల లాగేసుకున్నారన్నావు. ఆరు నెలలు కనిపెట్టి చూస్తామన్నారంటున్నావు. పైగా మెత్తటి కుర్చీ కూడా వేశారట. ఇది నేనెరగని విద్య కాదు. మన ఊరి పాత పెద్ద మర్తోయోకు కూడా ఇలాగే గౌరవ సలహాదారు అని పేరు పెట్టి, చాపలు పరిచి, దండ వేసి, ఊరి తాళాలు తీసేసుకున్నారు. ఇప్పటికీ పాపం ఆయన ఆ దండ గోడకు తగిలించుకుని అందరికీ చూపిస్తుంటాడు.

గురువారం నీ పేరున స్లామెతన్ విందు పెట్టాం. ఇరుగుపొరుగువాళ్లు కూర్చుని నీ మంచి కోరి దువా చదివారు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు కదా, ఇక దాటింది పెద్దమ్మ పెదవి అయినప్పుడు వేరే చెప్పాలా. సోమవారానికి మూడు ఊళ్లకు తెలిసిపోయింది. సోయా గింజలతో టెంపే అట్లు చేసి అమ్మే సుకినా, "దానికి లెక్కలొచ్చు కదా, మా దుకాణంలో కూర్చోమనండి" అంది. మంచి మనిషి.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఏమైనా తప్పు చేశావా? చేసుంటే దాచుకోకుండా చెప్పెయ్యి. తప్పు కన్నా దాచడానికే ఎక్కువ కష్టపడాలి.

పెదనాన్న కర్సోనో


బాండుంగ్
27 జూన్ 1995

పెదనాన్నా, పెద్దమ్మా,

ముందు సుకినా గారికి నా నమస్కారాలు చెప్పి, దుకాణానికి వేరే మనిషిని చూసుకోమనండి. నన్ను ఎవరూ తీసెయ్యలేదు. నన్నే డైరెక్టరును చేశారు. జీతం పెంచారు, కారు కూడా ఇచ్చారు. ఆ ఆరు నెలలూ కొత్తగా ఎక్కినవాళ్లందరికీ ఉండేదే. విందు తిన్నవాళ్లందరికీ దయచేసి ఈ మాట చెప్పండి. కన్నీళ్లు ఎవరివి వాళ్లకు వెనక్కి ఇచ్చెయ్యండి.

ఇప్పుడు మేం చేస్తున్నది వింటే మీకే సంతోషం. రెండేళ్ల కిందట వరదొచ్చినప్పుడు పెద్దమ్మ పగలంతా ఇంటి కప్పు మీద మేకలతో కూర్చుంది, గుర్తుందా? ఇక అలా జరగకూడదు. నవంబరు పద్నాలుగు నుంచి మా పరిశోధనశాల ఉత్తర తీరంలో ఊరూరికీ ఒక రోజు ముందే కబురు పంపుతుంది. రేపు ఫలానా గంటకు కుండపోత, సామాను సర్దుకోండి అని. పెద్ద యంత్రం కొత్తది వచ్చింది. నా పాత ప్రోగ్రామునే అందులోకి ఎక్కించారు. ప్రారంభానికి మంత్రిగారు వస్తారు.

పనులు బ్రహ్మాండంగా నడుస్తున్నాయనే చెప్పాలి. సోమవారం సమావేశంలో "అంతా సరిగా ఉందా?" అని అడిగాను. ఎనిమిది మందీ గంగిరెద్దుల్లా తలలూపారు. "అలాగేనండీ, బాగానే ఉందండీ." నాకు ఒక్కటే వెలితి. నిన్నటి దాకా "అక్కా" అని పిలిచినవాళ్లు తెల్లారేసరికి "అమ్మగారూ" అంటున్నారు. పన్నెండేళ్లు నా పక్క బల్ల మీద పనిచేసిన రుమియాతి కూడా అంతే. మొన్న అదే వచ్చి, "కొత్త యంత్రంలో వాన ఎంత బుద్ధిమంతురాలో అమ్మగారూ, పొద్దున్నే లేచి స్నానం చేసి వచ్చేస్తోంది" అంది. చాలా రోజులకు నవ్వాను.

అందరికీ నేనంటే అభిమానమే. రోజూ ఎవరో ఒకరు క్లెపోన్ ఉండలో, కొబ్బరి బిళ్లలో తెచ్చి బల్ల మీద పెడతారు. రెండు కిలోలు పెరిగాను.

మీ నికెన్


కాలిమనిస్
10 జూలై 1995

అమ్మా నికెన్,

నువ్వు పెద్దదానివయ్యావని చెప్పడానికి పెద్దమ్మ మళ్లీ స్లామెతన్ పెట్టింది. వచ్చినవాళ్లూ వాళ్లే, చదివిన దువా కూడా అదే. సుకినా మాత్రం నిరాశపడింది.

సంతోషించాను. కానీ ఆ మిఠాయిల సంగతి నాకు నచ్చలేదు.

నా వృత్తి నీకు తెలుసు. పెళ్లిళ్లలో వాన రాకుండా ఆపే మనిషిని. కర్రకు ఉల్లిపాయలూ మిరపకాయలూ గుచ్చి పందిరి మూల పాతుతాను, ముందురోజు వట్టి తెల్లన్నం తిని ఉపవాసం ఉంటాను. ముప్పై ఏళ్లలో ఒక్కరంటే ఒక్కరు నా ముఖం మీద "కర్సోనో, నీ పని చెడింది" అనలేదు. వాన పడి పెళ్లికూతురు ముఖం మీద రంగు కారిపోయినా, "మీరుండబట్టి ఇంతతో పోయిందండీ" అన్నారు. మరి నా పని బాగుందో లేదో నాకెలా తెలుస్తుంది? చేతికిచ్చే అన్నం పెట్టె చూసి తెలుసుకుంటాను. వాన పడకపోతే ఒక పెట్టె ఇస్తారు. పడితే రెండు, పైన కోడి కాలు వేసి మరీ ఇస్తారు. పాపం ముసలాడు చిన్నబుచ్చుకుంటాడని. మనవాళ్లకు మొహమాటం ఎక్కువైనప్పుడు నోరు మూతపడి చెయ్యి తెరుచుకుంటుంది.

ఇంకో సంగతి. రుమియాతి అన్న మాట నువ్వు నవ్వి వదిలేశావు. నాకు నవ్వు రాలేదు. మన తీరంలో వాన మధ్యాహ్నం నిద్ర లేచే బద్ధకపు మనిషి. పొద్దున్నే లేవడమేమిటి? పెద్దవాళ్ల ముందు నిలబడి ఒకరు నవ్వుతూ ఏదైనా చెప్పారంటే, ఇంటికెళ్లాక ఆ నవ్వు తీసేసి మళ్లీ వినాలి.

నీకు రోజూ రెండు పెట్టెలు ఎందుకు ఇస్తున్నారో చూసుకో.

పెదనాన్న


బాండుంగ్
2 ఆగస్టు 1995

పెదనాన్నా,

మిఠాయిని మిఠాయిలాగే తినాలి. మీరు అనుమానించి అనుమానించి చివరికి ఉండలో బెల్లాన్ని కూడా దొంగను చేశారు.

తీరిక లేక పొడిగా రాస్తున్నాను. మా డిప్యూటీ డైరెక్టరు దర్మాజీ గారు చాలా పద్ధతి గల మనిషి. ప్రతి శుక్రవారం పట్టిక తెస్తారు. నిన్న యంత్రం ఇంత వాన పడుతుందంది, అంతే పడింది. రోజు మొత్తం లెక్క అచ్చుగుద్దినట్టు కలుస్తోంది. ఇంకేం కావాలి?

చిన్న దిగులు ఒకటి ఉంది. రుమియాతి వేరే విభాగానికి పోతానని అర్జీ పెట్టింది. ఎందుకని అడిగితే, "అలసిపోయానండీ" అంది. ఆపితే బాగుండదు. రేపు సంతకం పెడతాను. ప్రారంభం రోజున అది నా పక్కన ఉంటుందనుకున్నాను.

పెద్దమ్మకు దగ్గు మందు విడిగా పంపాను. అది చేదు, మేకలు తాగవు.

నికెన్


కాలిమనిస్
8 అక్టోబరు 1995

అమ్మా,

రెండు నెలలు రాయలేదు. పెళ్లిళ్ల హడావిడి ఒకటి, నీ ఉత్తరం చదివి కాస్త ముఖం ముడుచుకున్న మాట కూడా నిజమే. నిన్నటితో ఆ అలక తీరిపోయింది.

ఎర్ర ముద్ర వేసిన కవరు అందింది. టపా మనిషి రెండు చేతులతో ఇచ్చి నిలబడే ఉన్నాడు, చదివితే వినాలని. నవంబరు పద్నాలుగున రేవు పక్క మైదానంలో ప్రారంభ సభకు వాన పడకుండా చూడమని మీ దర్మాజీ గారు నన్ను పిలిచారు. నువ్వే చెప్పి ఉంటావు. వెయ్యి మంది ఎదురుగా పెద్ద చదువులు చదివిన నా బిడ్డ పెదనాన్న విద్యను కాదనలేదు. పెద్దమ్మ నా నీలం బాతిక్ చొక్కాకు గంజి పెడుతోంది. ఇంకా అయిదు వారాలుందంటే వినదు.

రుమియాతి వెళ్లిపోయిందా? విందుకు ముందే వంటమనిషి వెళ్లిపోతే కూర ఒకసారి రుచి చూసుకోవాలి. కోపం రాదంటేనే ఈ మాట.

పెదనాన్న


బాండుంగ్
29 అక్టోబరు 1995

పెదనాన్నా,

ఈ ఉత్తరం రెండుసార్లు చింపి రాస్తున్నాను.

మిమ్మల్ని నేను పిలవలేదు. నాకు తెలియదు. వాన లెక్కలు కట్టే పరిశోధనశాల వాన ఆపే మనిషిని పిలిచిందని తెలిస్తే పేపర్లవాళ్లు మమ్మల్ని నవ్వులపాలు చేస్తారు. దర్మాజీ గారిని నిలదీశాను. "ప్రతి సభకూ పిలుస్తామండీ, పాత పెద్దాయన ఉన్నప్పుడూ పిలిచాం, ఖర్చు పందిరి కింద రాస్తాం" అన్నారు. మీరు నా పెదనాన్న అని ఆయనకు తెలియదు. తీరంలో మీ అంతటివాళ్లు లేరని ఎవరో చెప్పారట. రావద్దని రాయాలని మొదటి కాగితం తీశాను. మీ నీలం చొక్కా గుర్తొచ్చి చింపేశాను.

రెండో సంగతి ఇంకా పెద్దది. కూర రుచి చూశాను.

పోయిన ఆదివారం ఎవరూ లేనప్పుడు యంత్రం గదికి వెళ్లాను. రోజు మొత్తాలు కాకుండా గంట గంటకూ పడే వాన తీసి చూశాను. కుండపోత పొద్దున ఎనిమిదింటికి చూపిస్తోంది. మన వైపు పొద్దున ఎనిమిదింటికి అలాంటి వాన ఎవరు చూశారు? అసలు వాన మధ్యాహ్నం మూడుకి. పాత యంత్రం గడియారం జావా గంట కొట్టేది, కొత్తది లండన్ గంట కొడుతుంది. ఏడు గంటల తేడా. నా ప్రోగ్రాములో మాత్రం, యంత్రం చెప్పిందే మన గంట అని ఒక వరస ఉంది. పదేళ్ల కిందట నేనే రాసిన వరస.

అలాగే పంపి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. పెద్దమ్మ పొద్దున్నే మేకల్ని తోలుకుని కప్పెక్కేది. ఆకాశం తేటగా ఉండడం చూసి, నన్ను తిట్టుకుంటూ దిగి, అన్నం తిని పడుకునేది. అప్పుడు నీళ్లొచ్చేవి.

రుమియాతి ఇంటికి వెళ్లాను. టీ ఇచ్చింది. తాగమని అది చెప్పలేదు, నేను ముట్టుకోలేదు.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"జూన్ నుంచండీ."

"చెప్పలేదేం?"

"చెప్పాగా. వాన పొద్దున్నే లేస్తోందని."

"అదొక చెప్పడమా?"

"మీరు నవ్వారు. ఇంక రెండోసారి ఎలా చెప్పను? ఆ వరస మీరు రాసింది కదండీ."

"మిగతావాళ్లకి?"

"అందరికీ తెలుసు. మీరే కనిపెట్టి సరిచేస్తారని చూశాం. మీరు చెయ్యకపోయేసరికి... ప్రారంభం రోజు అక్కడ నిలబడి చూడలేననే వెళ్లిపోయాను."

"నేను పాత నికెన్‌నే అయితే ఏమనేదానివి?"

"నీ బొంద అక్కా, గంట తప్పు రాశావు, అనేదాన్ని."

ఇద్దరం ఏడ్చి, తర్వాత నవ్వి, చల్లారిన టీ తాగాం.

ఆ వరస దిద్దడం అరగంట పని. దిద్దేశాం కూడా. కానీ ఒక చోట గంట తప్పినప్పుడు ఇంకెక్కడెక్కడ తప్పిందో ఈ వానాకాలమంతా సరిచూడందే ఊళ్లకు మాటివ్వలేను. పందిళ్లు వేసేశారు, మంత్రిగారి కార్యక్రమం ఖాయమైంది. "ఈ రోజుకు ప్రారంభించేసి నెమ్మదిగా సరిచేసుకుందామండీ, ఎవరికి తెలుస్తుంది?" అంటున్నారు దర్మాజీ గారు. చెడ్డవారు కాదు, నన్ను కాపాడాలనే అంటున్నారు. సభలో నిజం చెబితే ఆరు నెలలకే ఈ కుర్చీ పోతుంది. మొదట్లో పోతే బాగుండుననుకున్నాను. ఇప్పుడు పోతుందంటే భయం వేస్తోంది.

నికెన్


కాలిమనిస్
4 నవంబరు 1995

అమ్మా నికెన్,

పిలవలేదన్నందుకు బాధపడ్డాను. అబద్ధం రాయను. పెద్దమ్మకు మాత్రం చెప్పలేదు, గంజి వృథా అవుతుంది.

నీకొక రహస్యం చెప్తాను, ఊళ్లో ఎవరికీ అనకు. నేను వాన ఆపలేనని నాకు తెలుసు. గాలి చూస్తాను, చీమల్ని చూస్తాను, ముహూర్తం కాస్త ముందుకో వెనక్కో జరిపిస్తాను. అయినా అందరూ నన్నెందుకు పిలుస్తారంటే, పెళ్లికూతురి తల్లికి ఆ రోజు నూరు పనులుంటాయి. ఆకాశంవైపు చూసి భయపడే పని నాకు అప్పగించి ఆమె వంట చూసుకుంటుంది. వాన పడితే తిట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. పందిరి బయట నిలబడి తడిసే ఆ మనిషిని నేనే.

లెక్కలు కట్టడం లేదని మొదటి ఉత్తరంలో ఏడ్చావు. నీ పనేమిటో నీకెవరూ చెప్పలేదనుకుంటాను. లెక్కలు వాళ్లు కడతారు. తడవడం నీ పని. నువ్వు తడుస్తావని తెలిస్తే వాళ్లకు నోరు వస్తుంది.

దర్మాజీ గారు నన్ను రావద్దనలేదు కాబట్టి వస్తాను. నీకు నేనెవరో తెలియనట్టే ఉందాం.

పెదనాన్న


కాలిమనిస్
16 నవంబరు 1995

అమ్మా,

నువ్వు వేదిక మీద ఉన్నావు, నేను పందిరి వెనక మిరపకాయల దగ్గర ఉన్నాను. నీకు కనిపించనిది రాస్తున్నాను.

ముందురోజు దర్మాజీ గారు వచ్చి, "సభ మూడింటికి. మీదే భారం" అన్నారు. నేను గాలివైపు తిరిగి, "మూడింటికి వద్దు, పొద్దున పెట్టుకోండి" అన్నాను.

"అదేంటండీ, మూడింటి వాన ఆపడానికేగా మిమ్మల్ని పిలిచింది?"

"ఆగే వాన ఉంటుంది, ఆగని వాన ఉంటుంది. ఇది ఆగదు."

ఆయన జేబులోంచి మీ యంత్రం కాగితం తీసి చూశాడు. అందులోనూ మూడే. నన్ను చూశాడు, కాగితం చూశాడు. "మీరూ అదీ ఒకటే మాటంటుంటే మధ్యలో నేనెవర్ని?" అని సభ పదింటికి మార్పించాడు.

నువ్వు మైకు ముందుకొచ్చి, "ఈ రోజు ప్రారంభం లేదు. గంట తప్పింది, ఆ తప్పు వరస రాసింది నేనే" అన్నప్పుడు దర్మాజీ గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఇప్పటికీ నొప్పిగా ఉంది. మంత్రిగారు నీవైపు తిరిగి, "మరి ఈ రోజు వానెప్పుడు?" అన్నారు. నువ్వు "మూడుకీ మూడున్నరకీ మధ్య" అన్నావు. ఆయన వాచీ చూసుకుని, "భోంచేసి, అదేదో చూసే పోతాను" అన్నారు.

మూడింటికి ఆకాశం తేటగా ఉంది. నువ్వు చేతులు కట్టుకుని నిలబడ్డావు. ముఖం పాలిపోయింది. అమ్మా, ముప్పై ఏళ్లుగా వాన రాకూడదని మొక్కినవాణ్ణి. ఆ పూట నా మిరపకాయల కర్ర నేనే పీకి పారేసి, రావాలని మొక్కాను.

మూడూ ఇరవైకి వచ్చింది. మంత్రిగారు పందిరి కింద నవ్వుతూ, "వచ్చే ఏడు మళ్లీ పిలవండి, అప్పుడు ప్రారంభిద్దాం" అనడం విన్నాను. ఆ మాట విని బస్సెక్కాను. పరిశోధనశాల పెద్ద వాన ఆపేవాడితో మాట్లాడుతూ కనబడడం ఆ రోజుకు బాగుండదనిపించింది.

నీలం చొక్కా రంగు దిగిపోయింది. దర్మాజీ గారు బస్సు దాకా పరిగెత్తుకొచ్చి రెండు అన్నం పెట్టెలిచ్చారు. వాన పడింది కదా.

పెదనాన్న


బాండుంగ్
20 డిసెంబరు 1995

పెదనాన్నకూ పెద్దమ్మకూ,

చొక్కా ఈ పార్సిలులో ఉంది. రంగు దిగదని కొట్టువాడు ప్రమాణం చేశాడు. ఈసారి నేనెవరో తెలియనట్టు వెళ్లిపోతే ఊరుకోను. మీరెవరో దర్మాజీ గారికి చెప్పేశాను. ఆయన ముఖం రంగు కూడా దిగింది.

ఆరు నెలలూ అయిపోయాయి. పైవాళ్లు పిలిచి, "ఉంటారా?" అని అడిగారు. పోయిన జూన్‌లో అయితే నా పాత బల్ల ఇచ్చెయ్యమనేదాన్ని. ఉంటానన్నాను. యంత్రం గదికి మాత్రం ఇప్పుడు రోజూ సాయంత్రం వెళ్తున్నాను. లెక్కలు కట్టడానికి కాదు, ఏం తప్పులు దొరికాయో వినడానికి. మొదటి వారం ఎవరూ మాట్లాడలేదు. రెండో వారం నా తప్పులు ఇంకో రెండు నేనే చెప్పాను. మూడో వారానికి అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు, ఆపడం నా వల్ల కాలేదు. ఇప్పటికి పదకొండు దొరికాయి. మీ ఊరి వాన గంట వారం రోజులుగా సరిగ్గా కలుస్తోంది. సోఫా తీయించేశాను.

రుమియాతి తిరిగి వచ్చింది. నిన్న నేను వచ్చే ఏటి పథకం రాసుకుంటుంటే తలుపు కొట్టకుండా లోపలికి వచ్చి, భుజం మీదుగా చదివి, "నీ బొంద అక్కా, ఇదీ తప్పే" అని కుర్చీ లాక్కుని కూర్చుంది. సాయంత్రం దాకా పోట్లాడుకున్నాం.

నెల రోజులైంది పెదనాన్నా, నా బల్ల మీద ఒక్క మిఠాయి కూడా లేదు.

మీ నికెన్